పూజ కోసం తీసిన తీగ

గోదావరిఖనిలో రఘుపతి ఎవరని అడిగితే ఎవరూ చెప్పలేరు. 'డైరెక్ట్ చెయ్యని రఘుపతి' అంటే మాత్రం అతను పనిచేసే గనిలో అన్ని షిఫ్టుల వాళ్లూ చెబుతారు. చెప్పి, రెండు తిట్లు కూడా తిడతారు.

అతను భూగర్భ గనిలో ఎలక్ట్రీషియన్. లోపల బొగ్గు మోసే బెల్టుకూ, నీళ్లు తోడే పంపుకూ కాపలాగా రిలేలు ఉంటాయి. కరెంటు ఎక్కడైనా దారి తప్పి నేలలోకి పోతే రిలే పడిపోయి మోటారును ఆపేస్తుంది. బెల్టు ఆగితే బొగ్గు ఆగుతుంది. బొగ్గు ఆగితే పైన కుర్చీల్లో కూర్చున్నవాళ్లకు ఊపిరాడదు. అలాంటప్పుడు తెలివైన ఎలక్ట్రీషియన్ చేసేదేమిటంటే, రిలేను పక్కకు నెట్టి, తీగకు తీగ కలిపి మోటారును నడిపించేయడం. దాన్నే డైరెక్ట్ చెయ్యడం అంటారు. రిలే ఎందుకు పడిందో తర్వాత తీరిగ్గా చూసుకోవచ్చన్నమాట. ఆ తీరిక ఎవరికైనా దొరకగా ఎవరూ చూడలేదు.

రఘుపతి ఆ పని చేసేవాడు కాదు. కోస్తా నుంచి వచ్చిన శ్యామ్ అనే కుర్ర అండర్ మేనేజరు తల పట్టుకునేవాడు.

"ఏంటి రఘుపతీ, షిఫ్టు సగం అయిపోయింది, పిడికెడు బొగ్గు పైకి రాలేదు. డైరెక్ట్ చేసెయ్యవయ్యా, ఏదైనా అయితే నేను చూసుకుంటాను."

"మీరు చూసుకుంటరు సార్, కరెంటు చూసుకోదు గద. జర ఆగుండ్రి, ఎక్కడ తప్పున్నదో దొరకపడ్త."

దొరకబట్టేదాకా అందరూ ఆగాల్సిందే. ఈ మొండితనానికి బహుమతిగా అతనికి పనికిరాని షిఫ్టులు, నీళ్లు కారే పని చోట్లు దక్కాయి. తోటి కార్మికులు కూడా ముఖం మీదే విసుక్కునేవారు. అయినా మారలేదు. లోలోపల దానిమీద గర్వం కూడా ఉండేది. ఆ గర్వాన్ని దాచుకోవడం మాత్రం అతనికి చేతనయ్యేది కాదు.

ఆ గనిలో ఎవరి మాటా వినని రఘుపతి లోకంలో ఒక్కరి మాట వినేవాడు. ఆయన నర్సింగం, అక్క శోభ మొగుడు, పైనుంచే తవ్వే ఓపెన్ కాస్టు గనిలో బొగ్గు మోసే డంపర్లు బాగుచేసే మెకానిక్కు. తల్లిదండ్రులు పోయాక రఘుపతిని తన ఇంట్లో పెట్టుకుని, మంచిర్యాల ఐటీఐలో చేర్పించి, ఉద్యోగం వచ్చేదాకా కడుపులో పెట్టుకుని చూసుకున్నది ఆయనే. పెద్ద గొంతు, అంతకన్నా పెద్ద నవ్వు. తనకొచ్చిన ఆలోచన ఏదైనా ముందు బజారులో చెప్పి, తర్వాత ఇంట్లో చెప్పే రకం.

ఆ ఆలోచనల్లో అన్నిటికన్నా పిచ్చిది రెండువేల ఏడు ప్రాంతంలో పుట్టింది. వాళ్లుండే ఎయిటింక్లైన్ కాలనీలో ఇంటర్నెట్ సెంటర్ పెట్టిన కొత్తలో, ఎక్కడో విదేశాల్లో మామూలు మనుషులు ఇంటి వెనక సొంతంగా విమానాలు కట్టుకుని ఎగురుతున్న వీడియోలు నర్సింగం కంటబడ్డాయి. ఇక మనిషి మనిషి కాదు.

"నూరు టన్నుల డంపరును లేపి నిలబెడ్తున్న. గీ పైపుల బండిని లేపలేనా?" అన్నాడు.

"కట్టుకున్నదాన్ని మంచిర్యాల బజారుకు బస్సుల తీస్కపోతందుకు తీరిక లేదు గని, మొగులు మీదికి పోతడట" అంది శోభ. క్వార్టర్ల వాళ్లందరూ వారం రోజులు ఆ మాట చెప్పుకుని నవ్వారు.

విమానం అంటే మరీ పెద్దగా ఊహించుకోవద్దు. అల్యూమినియం పైపుల చట్రం, దానిమీద లాగి కట్టిన గుడ్డ రెక్కలు, ఒక్క మనిషికి సీటు, సీటు వెనక పాత మారుతి కారు ఇంజను, ఇంజనుకు చెక్క పంకా. నర్సింగం దాన్ని కట్టి, విప్పి, మళ్లీ కట్టేసరికి నాలుగేళ్లు గడిచాయి. కరెంటు పనంతా రఘుపతిది. మొదట్లో అతను కూడా నవ్వాడు. తర్వాత డ్యూటీ దిగి స్నానం చేయడం ఆలస్యం, బావ ఇంటి వెనక రేకుల షెడ్డులో తేలేవాడు. గనిలో తిట్లు తినీ తినీ వచ్చిన మనిషికి, తన పనిని ముచ్చటగా చూసే మనిషి ఒకడుండటం ఎంత హాయో అతనికి అక్కడే తెలిసింది.

ఆ ఇంజనుకో బలహీనత ఉంది. దాని నిప్పురవ్వా, పెట్రోలు పంపూ రెండూ బ్యాటరీ మీదే ఆధారం. బరువు తగ్గుతుందని నర్సింగం మోటారుసైకిలు బ్యాటరీ పెట్టాడు. ఇంజను తిరిగినంతసేపు ఒక బెల్టు డైనమోను తిప్పి ఆ చిన్న బ్యాటరీని నింపుతూ ఉంటుంది. ఆ బెల్టు తెగినా, జారినా ఇంజను వెంటనే ఆగదు. ఏమీ కానట్టే తిరుగుతుంది, బ్యాటరీలో ఉన్నదంతా తాగేసి అప్పుడు ఆగుతుంది. కారైతే రోడ్డు పక్కన ఆగుతుంది. పైన ఎగిరేదానికి పక్కన రోడ్డెక్కడిది?

అందుకని రఘుపతి ఒక లైటు తయారుచేశాడు. బ్యాటరీ నిండుతున్నంతసేపు అది ఆరి ఉంటుంది. నిండడం ఆగి వోల్టేజీ దిగడం మొదలైతే ఎర్రగా కొట్టుకుంటుంది. ఇంగ్లీషు కాగితాలు డిక్షనరీ పెట్టుకుని చదివి, మూడు నాలుగు సార్లు కాల్చుకుని చేశాడు దాన్ని. బావ కళ్లకు ఎదురుగా, ఎండలో కూడా కనిపించేలా బిగించాడు. దాంతో ఒక చిక్కుంది. నేల మీద ఇంజను మెల్లగా తిరిగేటప్పుడు ఆ వేగం డైనమోకు చాలదు కాబట్టి లైటు కొట్టుకుంటూనే ఉంటుంది. రేసు పెంచగానే ఆరిపోవాలి.

"ఆరితెనే చక్రం కదలాలె బావా. ఆరకపోతే దిగుడే. మొగులు మీద ఉన్నప్పుడు వెలిగితే మళ్ల ఏం ఆలోచన చెయ్యకు, ఉన్నకాడికి కిందికి రా."

"నువ్వు చెప్పినంక ఇంకేంది రా. నీ లైటు వద్దంటే నేను సీట్లనే కూసోను" అన్నాడు నర్సింగం. అన్నట్టే చేశాడు కూడా. జైపూర్ దిక్కు తన సొంతూళ్లో బీడుగా పడావు పడ్డ భూమిని చదును చేసుకుని, విమానాన్ని ట్రాక్టరు మీద తరలించి, ఒకరికీ చెప్పకుండా తాటిచెట్టంత ఎత్తున ఎగిరి దిగడం మొదలుపెట్టాడు. ప్రతిసారీ రేసు పెంచి, లైటు ఆరిందాకా ఆగి, బామ్మర్ది వైపు చూసి తల ఊపేవాడు. రఘుపతి చెయ్యి ఎత్తి పొమ్మనేవాడు. ఎగరడానికి ఏ సర్కారు కాగితమూ లేదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు, ఇద్దరూ ఎత్తేవారు కాదు.

రెండువేల పదకొండులో తెలంగాణ కోసం సకల జనుల సమ్మె వచ్చింది. గనులు ఆగాయి, డంపర్లు ఆగాయి, మనుషులకు పగలంతా ఖాళీ. ఆ ఖాళీలో నర్సింగం కడుపులో ఉన్న మాట బయటికి కక్కేశాడు. దసరా నాడు ఊరంతా జమ్మి దగ్గరికీ, పాలపిట్టను చూడటానికీ పొలిమేరకు వస్తుంది కదా, అప్పుడు అందరి ముందూ ఎగిరి, పైనుంచి జమ్మి ఆకు చల్లుతాడట. దసరాకు జమ్మి ఆకే బంగారం కాబట్టి, అందరికీ మొగులు మీది నుంచి బంగారం పంచుతాడట. ఊరు ఊగిపోయింది. యూనియన్ లీడరు కొమురెల్లి తానే వచ్చి కొబ్బరికాయ కొడతానన్నాడు.

దసరా నాడు బండ్లకూ పనిముట్లకూ పూజ చేయడం అక్కడి ఆచారం. సైకిలైనా సరే బొట్టు పెట్టించుకోకుండా ఆ రోజు గడప దాటదు. మరి విమానానికి చేయకుండా ఉంటారా? ముక్కుకు బంతిపూల దండ, రెక్కలకు మామిడాకులు, చక్రాల కింద నిమ్మకాయలు. కొమురెల్లి వచ్చాడు, వెంట కెమెరా మనిషి వచ్చాడు, డప్పులు వచ్చాయి. హారతి వేళకు ఇంజను తిరుగుతూ ఉండాలని ఎవరో అంటే నర్సింగం స్టార్ట్ చేశాడు. ఫోటో కోసం ఆపి మళ్లీ స్టార్ట్ చేశాడు. ఇంకో ఫోటో కోసం మళ్లీ ఆపి, మళ్లీ.

ఎర్రలైటు కొట్టుకుంటోంది. నేల మీద రోజూ కొట్టుకునేదే.

"ఏంది నర్సన్నా, పూజ మీద ఎర్రలైటు కొట్టుకుంటున్నది? ఎగరకముందే ఖరాబాయెనా?" అన్నాడు కొమురెల్లి. చుట్టూ ఉన్నవాళ్లు ఘొల్లుమన్నారు. హారతి పట్టే వేళ అదేం అపశకునమని ఆడవాళ్లు గొణిగారు. ఒకావిడ దూరం జరిగింది.

రేసు పెంచితే ఆరేది. చుట్టూ జనం, చేతుల్లో పళ్లేలు, వెనక తిరిగే పంకా ఉండగా రేసు ఎలా పెంచుతారు? నర్సింగం ముఖం చిన్నబోయింది. అంత పెద్ద మనిషి ముఖం అలా చిన్నబోవడం రఘుపతి ఎన్నడూ చూడలేదు.

"రఘూ, హారతి అయ్యేదాంక గా లైటు బంద్ చెయ్‌రా. నవ్వుతున్నరు."

శ్యామ్ అరిచినా, షిఫ్టులు మార్చినా, తోటివాళ్లు ముఖాన ఉమ్మినంత పని చేసినా కదలని చెయ్యి అప్పుడు కదిలింది. రఘుపతి వంగి, లైటు వెనక తీగను ఊడబీకాడు. పైపుకు తగలకుండా దాని కొసకు నల్లటేపు శుభ్రంగా చుట్టాడు. లైటు ఆరింది.

"ఎక్కేముందు నేనే మళ్ల పెడ్త బావా" అన్నాడు.

అప్పుడు శోభ పక్కనే ఉంది. కుంకుమ వేలితో మీటర్ల కింద బొట్లు పెడుతోంది. తమ్ముడి చేతికీ ఆమె చేతికీ మధ్య జానెడు దూరం కూడా లేదు.

హారతి అయింది. కొబ్బరికాయ పగిలింది. డప్పుల మోత, దండలు, జై తెలంగాణ నినాదాలు. జనాన్ని తాడు అవతలికి నెట్టేటప్పుడు రఘుపతిని కూడా నెట్టేశారు. అతను మళ్లీ ముందుకొచ్చేసరికి నర్సింగం సీట్లో బెల్టు బిగించుకుని, ఒళ్లో జమ్మి ఆకు సంచీ పెట్టుకుని ఉన్నాడు. రేసు పెంచాడు. లైటు ఆరే ఉంది కాబట్టి బామ్మర్ది తీగ మళ్లీ పెట్టేశాడనుకుని, అలవాటుగా అతని వైపు చూశాడు.

తీగ సంగతి రఘుపతి మరిచిపోలేదు. మరిచిపోయి ఉంటే బతుకు ఇంతగా చేదయ్యేది కాదు. ఒక అడుగు ముందుకేశాడు. కొమురెల్లి భుజం మీద చెయ్యేసి, "మీ బావ పులి రా!" అన్నాడు. ఊరంతా చూస్తుండగా ఇంజను ఆపించి, బావ కాళ్ల సందులో దూరి తీగ వెతకాలి. మళ్లీ లైటు కొట్టుకుంటుంది. మళ్లీ నవ్వుతారు. ఇన్నిసార్లు ఎగిరితే పైన ఒక్కసారైనా వెలిగిందా? ఒక్క చుట్టే కదా, దిగినంక పెడతాలే అనుకున్నాడు. చెయ్యి ఎత్తి పొమ్మన్నాడు.

విమానం లేచింది. తాటిచెట్లు దాటింది. జనం గొంతులు చించుకున్నారు. మొదటి చుట్టులో జమ్మి ఆకు నిజంగానే రాలింది. పిల్లలూ ముసలివాళ్లూ ఏరుకుని ఒకరి చేతిలో ఒకరు పెట్టుకుని దండాలు పెట్టుకున్నారు. ఆ అరుపులు పైకి వినబడ్డాయో లేదో కానీ నర్సింగం రెండో చుట్టు వేశాడు, మూడో చుట్టు కూడా వేశాడు. ఎదురుగా ఉన్న లైటు ఆరే ఉంది. ఎందుకు దిగుతాడు?

మూడో చుట్టు మలుపులో ఇంజను రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. కింద డప్పులు మోగుతూనే ఉన్నాయి. విమానం పత్తిచేల మీదుగా ఒక రెక్క వాల్చి, కాలువ కట్టకు కొట్టుకుంది. దవాఖానకు చేరకముందే నర్సింగం ప్రాణం పోయింది.

పోలీసులు రాకముందే రఘుపతి ఇంజను చూశాడు. బెల్టు డైనమో మీద లేదు. తెగి, ఇంజను అడుగున ఇరుక్కుని ఉంది. ఎప్పుడు తెగిందో చెప్పలేం. పూజ దగ్గర కొట్టుకున్న లైటు రోజూ కొట్టుకునేదేనో, నిజంగానే చెప్పిందో అతనికి ఎప్పటికీ తెలియదు. ఒక్కటి మాత్రం తెలుసు. తీగ ఉన్నచోట ఉంటే, రేసు పెంచినప్పుడో ఎగిరిన కాసేపటికో లైటు వెలిగేది, బావ దిగిపోయేవాడు. ఆ కట్ట మీదే కూర్చుని పిచ్చివాడిలా ఏడ్చాడు.

మర్నాడు స్టేషన్‌కు పిలిచారు. అక్కను కూడా పిలిచారు. రఘుపతి అక్కడికి నిజం చెబుదామనే పోయాడు. ఎస్సై టేపు చుట్టిన తీగను టేబుల్ మీద పెట్టాడు.

"ఇది ఊడిపోయింది కాదు, ఎవడో తీసిండు. డేంజర్ లైటట గద. ఎవడు తీసిండు? పర్మిషన్ లేని దందా ఇది. తీసినోడు మనిషిని సంపినట్టే లెక్క. లోపలేస్త."

లోపలేస్తే ఉద్యోగం పోతుంది. గనిలో అందరూ ఏమంటారో కూడా ఆ క్షణంలోనే చెవుల్లో వినబడింది. డైరెక్ట్ చెయ్యని రఘుపతి సొంత బావకే డైరెక్ట్ చేశాడట. జైలుకన్నా ఆ మాటకే అతను ఎక్కువ భయపడ్డాడు. సిగ్గుమాలిన భయం అది, ఇంకో పేరు పెట్టడానికి లేదు.

"బావనే తీసిండు సార్" అన్నాడు. "వద్దని చెప్పిన. ఇనలే."

ఎస్సై పక్క బెంచీ మీదున్న శోభ వైపు తిరిగాడు. "నిజమేనా అమ్మా?"

ఆమె తమ్ముడి ముఖంలోకి చూసింది. ఏడ్చి ఏడ్చి ఎండిపోయిన కళ్లు. పుట్టింటి వైపు మిగిలింది ఆ ఒక్క మనిషే.

"ఔ సార్" అంది. "ఆయన ఎవ్వల మాట ఇనకపోతుండె."

కేసు మూతపడింది. చనిపోయినవాడి నిర్లక్ష్యమే కారణమని తేలింది. చనిపోయినవాడు కాదనడు కదా.

పదో రోజున చుట్టాలు వచ్చారు. ఎట్ల జరిగింది, ఎట్ల జరిగింది అని అందరూ శోభ చుట్టూ చేరితే, ఆమె పెరట్లో ఉన్న రఘుపతిని కేకేసింది.

"ఇటు రా తమ్మీ. నువ్వే ఉన్నవ్ గద పక్కన. నువ్వు వద్దన్నా ఆయన ఎట్ల ఇనలేదో చెప్పు."

తనను కాపాడుతోందనుకున్నాడు. నిలబడి చెప్పాడు. చుట్టాలు నోళ్లు నొక్కుకున్నారు. వాడు మొదటి నుంచీ మొండోడే అన్నారు. నెల తిరిగాక ఇంకెవరో వస్తే మళ్లీ కబురు పెట్టింది. ఏడాది మాసికానికి మళ్లీ. పెళ్లిళ్లకు పిలవడానికి వచ్చినవాళ్లు కూర్చుంటే మళ్లీ. అతను చెబుతున్నంతసేపు ఎదురుగా కూర్చుని అతని నోటి వైపే చూసేది. తిట్టేది కాదు, ఏడ్చేది కాదు. చెప్పడం అయ్యాక అన్నం పెట్టేది. మూడోసారికో నాలుగోసారికో అతనికి అర్థమైంది, ఇది కాపాడటం కాదని.

గనిలో మాత్రం అతని పేరు మారిపోయింది. ఇప్పుడు శ్యామ్ డైరెక్ట్ చెయ్యమంటే మాట్లాడకుండా చేసేస్తాడు. చెప్పకముందే చేసిన రోజులూ ఉన్నాయి. కాదనడానికి నోరు లేవదు. మనిషి బాగుపడ్డాడని అందరికీ సంతోషం. మంచి షిఫ్టులు పడుతున్నాయి.

రెండువేల పద్నాలుగు జూన్‌లో రాష్ట్రం వచ్చింది. ఎయిటింక్లైన్ కాలనీ అంతా పటాకులు, రంగులు. శోభ ఇంటికి మందమర్రి చుట్టాలు మిఠాయి పట్టుకుని వచ్చారు. నర్సింగం ఉంటే ఈ రోజు ఎగిరి గంతేసేవాడని ఒకరు కళ్లు తుడుచుకున్నారు. శోభ రఘుపతిని పిలిపించింది. అతను చెప్పులు విడిచి, గోడకానుకుని కూర్చున్నాడు. ఎవరూ అడగకముందే మొదలుపెట్టాడు.

సగంలో ఉండగా రమ అడ్డం వచ్చింది. నర్సింగం కూతురు, కాలేజీకి పోయే పిల్ల. ఇన్నేళ్లూ తలుపు దగ్గర నిలబడి వినడమే కానీ ఒక్క మాటా అడిగింది లేదు.

"మామా, నువ్వు లైటు తియ్యొద్దన్నప్పుడు బాపు ఏమన్నడు?"

ఏదో ఒకటి అనాలి. ఆ పిల్ల కళ్లు తండ్రి కళ్లే.

"నీకేం తెల్సురా, పో అవతలికి... అన్నడు బిడ్డా."

నర్సింగం బతికుండగా అతన్ని అంత మాట ఎన్నడూ అనలేదు. రమ తల దించుకుంది. "గట్లంటుండెనా మా బాపు" అని లోపలికి పోయింది. చుట్టాలు నిట్టూర్చారు.

శోభ మిఠాయి పళ్లెం పక్కన పెట్టి, తమ్ముడి వైపు తిరిగి సర్దుకుని కూర్చుంది.

"పోయినసారి ఆయన ఏమనలేదన్నవ్ తమ్మీ" అంది. "మళ్ల మొదటి నుంచి చెప్పు."